ఏడు రకాల ఫ్లోరింగు, ఒక్క మాప్: ఇంటి నేలలు బాగుచేసిన డైరీ

శనివారం. ముందు ఏ గదిలో ఏముందో చూసుకోవడం

మేం దిగిన ఈ పాత ఇంట్లో ఒక్కో గదికి ఒక్కో కాలంలో ఫ్లోరింగ్ వేయించారు. హాల్లో మొజాయిక్, ముందు గదిలో మార్బుల్, వంటింట్లో విట్రిఫైడ్ టైల్స్, పడగ్గదిలో లామినేట్, చిన్న గదిలో వినైల్ షీటు, మెట్లకి చెక్క, బాత్రూముల్లో సిరామిక్. సింకు కింద చూస్తే సీసాలు మాత్రం రెండే రకాలు: ఒక ఘాటైన యాసిడ్ క్లీనర్, ఒక సెంటు వాసన లిక్విడ్. ఇన్నేళ్ళూ ఇంటినంతా ఆ రెండిటితోనే తుడిచి ఉంటారు. ఎక్కడ చూసినా నేల మసకగానే ఉంది, కానీ ఒక్కో గదిలో ఆ మసకకి కారణం ఒకటి కాకపోవచ్చు అనిపించి, తుడవడం మొదలుపెట్టకముందే చిన్న చిన్న పరీక్షలు చేశాను.

మొదటిది వెనిగర్ చుక్క. తలుపు వెనక, ఎవరికీ కనపడని మూలన ఒక్క చుక్క వేసి చూడాలి. మార్బుల్ మీద సన్నటి బుడగలు లేచాయి, మొజాయిక్ మీద కూడా. వెంటనే నీళ్ళతో తుడిచేశాను. బుడగలు లేచాయంటే అందులో కాల్షియం కార్బొనేట్ ఉన్నట్టు, అంటే ఏ యాసిడ్ తగిలినా ఆ రాయి కొంచెం కొంచెంగా కరుగుతుంది. మార్బులూ, నాపరాయీ ఈ జాతివే. మొజాయిక్‌లో పలుకులు మార్బుల్‌వి, వాటిని పట్టుకున్నది సిమెంటు, యాసిడ్‌కి రెండూ లొంగుతాయి. వంటింటి గడప గ్రానైట్, దాని మీద చుక్క చుక్కలాగే ఉండిపోయింది.

రెండో పరీక్ష తెల్లగుడ్డ. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండి, రెండు టైల్స్ మీద గట్టిగా రుద్దాలి. వంటింట్లో గుడ్డ బూడిద రంగుకి తిరగడం సరే, రుద్దుతుంటే జారుడుగా ఉండి సన్నగా నురగ కూడా వచ్చింది. నేను వాడింది వట్టి నీళ్ళు.

ఆదివారం. వంటిల్లు

విట్రిఫైడ్ టైల్ నీటిని పీల్చుకోవడం దాని బరువులో 0.5 శాతం లోపే ఉంటుంది, కాబట్టి మురికి లోపలికి దిగే అవకాశం చాలా తక్కువ. మసకగా కనిపిస్తోందంటే అది పైన పేరుకున్నదే అయ్యుండాలి. అందుకే ఈరోజు ఏ లిక్విడూ ముట్టుకోకుండా, వేడి నీళ్ళు, మైక్రోఫైబర్ గుడ్డ, నైలాన్ బ్రష్, ఇవే. చిన్న చిన్న ముక్కలుగా తీసుకుని తడిపి, కాసేపు నాననిచ్చి, రుద్ది, గుడ్డతో ఎత్తి, ఆ గుడ్డని వేరే బకెట్లో జాడించి మళ్ళీ. మొదటి బకెట్ నిండా నురగే. సబ్బు వేసినవాళ్ళెవరూ లేరు, ఏళ్ళ తరబడి మూతలకి మూతలు పోసిన లిక్విడ్ నేల మీదే ఎండిపోయి పొర కట్టింది, నడిచిన ప్రతి పాదం దాని మీద దుమ్ముని అతికించింది. ఈ పని మొత్తంలో నాకు బాగా తలకెక్కిన విషయం ఇదే: మురికి అనుకుని మనం తిట్టుకునేదాంట్లో చాలా భాగం మనం పోసిన క్లీనరే. నేల జిడ్డుగా ఉందని ఇంకో మూత ఎక్కువ పోస్తాం, అది ఇంకా జిడ్డవుతుంది.

స్టవ్ దగ్గర మాత్రం నిజమైన నూనె జిడ్డు. దానికి గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు బకెట్ నీళ్ళలో వేసి, తర్వాత వట్టి నీళ్ళతో రెండుసార్లు తుడిచాను. చివర్న పొడిగుడ్డతో ఆరబెట్టడం చాలామంది వదిలేస్తారు, గారలు, చారలు పడేది అక్కడే, ఎందుకంటే నీళ్ళు ఆవిరైపోయినా అందులో కరిగిన లవణాలూ సబ్బూ ఎక్కడికీ పోవు.

సాయంత్రం గ్రౌట్ (టైల్స్ మధ్య సందుల్లో నింపేది) మీద పడ్డాను. టైల్‌కి లేని బలహీనత అంతా గ్రౌట్‌కి ఉంది. సిమెంటు గ్రౌట్ స్పాంజిలా పీలుస్తుంది, పైగా యాసిడ్ తగిలితే అరిగి గుంట పడుతుంది, ఆ గుంటలో మురికి ఇంకా హాయిగా కూర్చుంటుంది. ఇక్కడ కొన్ని వరసల్లో గ్రౌట్ టైల్ అంచు కంటే బాగా కిందికి దిగిపోయి ఉంది, యాసిడ్ సీసా చరిత్ర అంతా అక్కడ రాసిపెట్టినట్టే. సోడియం పర్కార్బనేట్ పొడి (ఆక్సిజన్ బ్లీచ్ అని అమ్ముతారు) వేడి నీళ్ళలో కలిపి గీతల మీద పోసి, పావుగంట ఆగి, బ్రష్‌తో తోమాను. నీళ్ళలో పడగానే అది హైడ్రోజన్ పెరాక్సైడూ చాకలి సోడా కింద విడిపోతుంది, ఒకటి రంగుని విరగ్గొడుతుంది, ఇంకోటి జిడ్డుని. కలిపిన వెంటనే వాడెయ్యాలి, సీసాలో పోసి మూత బిగించి దాచకూడదు, లోపల గ్యాస్ పుట్టి సీసా ఉబ్బుతుంది. ఇనుప పీచు, వైర్ బ్రష్ అసలు వద్దు, గ్రౌట్ గీరుకుపోవడమే కాకుండా విరిగిన ఇనుప పోగులు అందులో ఇరుక్కుని తర్వాత తుప్పు చుక్కలవుతాయి.

మోకాళ్ళ కింద మడిచిన దుప్పటి పెట్టుకోండి. మిగతావన్నీ మర్చిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

సోమవారం రాత్రి. మార్బుల్

ఆఫీసు నుంచి వచ్చాక కాసేపే దొరికింది, పని కంటే చూడ్డమే ఎక్కువైంది. మార్బుల్ మీద కనిపించేవి అన్నీ మరకలు కావు. ముదురు రంగులో ఉంటే మరక, అంటే ఏదో లోపలికి ఇంకింది. లేతగా, మెరుపు పోయి, టార్చి వాలుగా వేస్తేనే కనిపించే గుండ్రటి మచ్చ ఉంటే అక్కడ రాయే కరిగింది. దాన్ని ఎంత తుడిచినా పోదు, ఎందుకంటే పోగొట్టడానికి అక్కడేం లేదు, ఉన్నది పోయింది. ఇంట్లో చేసుకునే క్లీనర్ అని వెనిగరూ నిమ్మరసమూ వాడమని చెప్పేవాళ్ళు ఎక్కడ చూసినా ఉంటారు, ఆ సలహా ఏ నేలకో చెప్పకుండా ఇవ్వడం చాలా అన్యాయం.

మార్బుల్‌కి న్యూట్రల్ క్లీనర్, అంటే యాసిడూ క్షారమూ కాకుండా పీహెచ్ 7 చుట్టుపక్కల ఉండేదే వాడాలి, అదీ సీసా మీద రాసిన కొలత కంటే తక్కువే వేశాను. గుంట తెలియని లేత మచ్చల మీద మార్బుల్ పాలిషింగ్ పౌడరు, కొంచెం నీళ్ళు, ఫెల్ట్ (దట్టంగా ఒత్తిన ఉన్నిగుడ్డ) ముక్కతో ఓపిగ్గా రుద్దితే చాలావరకు కలిసిపోయాయి. గోటితో గీస్తే అంచు తగిలే మచ్చలు ఉంటే ఇలా లాభం లేదు, అరగదీయించాల్సిందే.

సోఫా పక్కన ఒక నూనె మరక. దానికి వంటసోడాని నీళ్ళతో పేస్టులా కలిపి, మరక కంటే కొంచెం వెడల్పుగా, అర సెంటీమీటరు మందాన పరిచి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి అంచులు టేపుతో అతికించాను. ఒక రోజు అలా ఉంచి, షీటు తీసేసి, పేస్టు పూర్తిగా ఎండనివ్వాలి. అసలు పని జరిగేది ఎండేటప్పుడు: రాయిలోని నూనె తడితో పాటు పైకి వచ్చి పొడిలోకి చేరుతుంది. తడిగా ఉండగానే తీసేస్తే కష్టం వృథా. ఒకసారికి సగం తేలికపడింది, మళ్ళీ పెట్టాను. టీ, కాఫీ లాంటి రంగు మరకలకైతే నీళ్ళ బదులు హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలుపుతారు, నల్లరాయి మీద మాత్రం వద్దు, అక్కడ రంగు వెలిసిపోవచ్చు.

కిటికీ కింద ఒక ఇనుప స్టాండు పెట్టిన గుర్తు, గుండ్రటి తుప్పు మచ్చ, ఇంకా అలాగే ఉంది. తుప్పు వదిలించే మందుల్లో ఎక్కువభాగం యాసిడ్లే, అవి తెస్తే తుప్పుతో పాటు రాయీ పోతుంది. ప్రస్తుతానికి దాని మీద పూలకుండీ పెట్టాం, అడుగున ప్లాస్టిక్ ప్లేటు వేసి.

రెండో వారాంతం. హాల్లో మొజాయిక్

ఇదే పెద్ద పని. నీళ్ళతో కడిగితే తడిగా ఉన్నంతసేపూ పలుకులు రంగురంగులుగా మెరిసి, ఆరగానే బూడిదైపోతున్నాయి. తడిలో అందంగా కనిపిస్తోందంటే రాయి బాగానే ఉంది, పైన కంటికి ఆనని గీతలతో గరుకైపోయింది అని అర్థం. గీతలు ఎవరు గీశారు? ఇసుక. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోహ్స్ కొలతలో 7, మార్బుల్‌ది 3 దగ్గర. చెప్పుల కింద వచ్చిన రెండు రేణువులు చాలు, రోజూ కాలితో నూరుతూనే ఉంటాం. ఊడ్చకుండా తడిమాప్ పెడితే ఆ పని మాప్ చేస్తుంది.

మూలన ఒక చదరపు మీటరు నేనే చేసి చూశాను, నీళ్ళు మధ్యలో నుంచి వచ్చే చేతి పాలిషింగ్ మెషిన్ అద్దెకు తెచ్చి, డైమండ్ ప్యాడ్లు 100 నుంచి మొదలుపెట్టి 200, 400, 800, 1500, 3000 (నంబరు పెరిగేకొద్దీ ప్యాడు నునుపు). నడుం పట్టేసింది కానీ ఫలితం చూస్తే నమ్మబుద్ధి కాలేదు, పాలిష్ పూయకుండానే ట్యూబులైటు అందులో కనిపిస్తోంది. తడి మెషిన్ కాబట్టి ప్లగ్గు పెట్టకముందు ఆ లైనులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో చూసి, టెస్ట్ బటన్ నొక్కి, అది పడిపోయాకే మొదలుపెట్టాను. రబ్బరు బూట్లు సరేసరి. పొడిగా అరగదీయాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, సిమెంటు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

హాలంతా చేతి మెషిన్‌తో చేస్తే ఎత్తుపల్లాలు వస్తాయి, అందుకే మిగతాది పెద్ద మెషిన్ ఉన్న మేస్త్రీగారికి అప్పగించి పక్కనే ఉండి చూశాను. 400 అయ్యాక నేను తొందరపడి, ఇక నేరుగా 1500 వేసేయొచ్చా అని అడిగితే ఆయన నవ్వి, "మధ్యలో నంబరు ఎగ్గొడితే ఇప్పుడు తెలీదండీ, ఆఖర్న లైటేసి చూసినప్పుడు తెలుస్తుంది" అన్నారు. నిజమే, ఒక్కో ప్యాడు చేసే పని తనకంటే ముందు ప్యాడు వేసిన గీతల్ని చెరపడమే, 400 గీతల్ని 1500 చెరపలేదు, మెరిపిస్తుంది అంతే, అప్పుడవి ఇంకా బాగా కనిపిస్తాయి. ప్రతి నంబరు తర్వాత నేల కడిగి, ఆరనిచ్చి, వాలుగా టార్చి వేసి చూశాకే తర్వాతది.

ఆఖర్న ఆయన ఆక్సాలిక్ యాసిడ్ పొడి చల్లి తడి ఫెల్ట్‌తో తిప్పారు. యాసిడ్ వద్దని ఇంతసేపూ చెప్పి ఇప్పుడిదేంటి అనుకోవచ్చు. ఇది కాల్షియంతో కలిసి కాల్షియం ఆక్సలేట్ అవుతుంది, అది నీళ్ళలో దాదాపు కరగదు, పైన పలచగా నిలుస్తుంది, మెరుపు పెరుగుతుంది. వెనిగర్ అయితే తయారైన లవణం నీళ్ళతో పాటే కొట్టుకుపోతుంది. ఆక్సాలిక్ విషం కాబట్టి గ్లవ్స్, మాస్క్ వేసుకునే చేశారు, పిల్లల్నీ కుక్కనీ ఆ పూటకి వేరే గదిలో ఉంచాం, తర్వాత బాగా కడిగించాం.

బురద సంగతి ఎవరూ ముందు చెప్పరు. అరగదీసిన పాలలాంటి నీళ్ళు బకెట్లకి బకెట్లు వస్తాయి. డ్రైనేజీలో పోస్తే పైపు వంపులో అడుక్కి పేరుకుని గట్టిపడుతుంది. చేటతో ఎత్తి డ్రమ్ములో పోసి రాత్రంతా వదిలేస్తే బురద అడుక్కి దిగింది, పైన తేట తీసేసి ముద్దని ఎండబెట్టి చెత్తలో వేశాం. గోడల స్కిర్టింగ్‌కి ముందే ప్లాస్టిక్ అతికించకపోతే రంగు మళ్ళీ వేయించుకోవాల్సి వచ్చేది, అంత చిమ్ముతుంది.

ఆ తర్వాత లోపలికి ఇంకే రకం సీలర్ (నీళ్ళూ మరకలూ పీల్చకుండా ఆపేది) ఒక పూత. పైన పొరలా నిలిచే వ్యాక్సులు నాకు నచ్చవు, వేసిన రోజు తళతళలాడతాయి, ఆర్నెల్లకి నడిచే దారి మాత్రం అరిగి పసుపు చారవుతుంది, మళ్ళీ దాన్ని గీకి తీయడం ఇంకో పని.

బుధవారం. లామినేట్, వినైల్

లామినేట్‌కి చెయ్యకూడనివే ఎక్కువ. పైన కనిపించే చెక్క ఒక ఫొటో, దాని మీద గట్టి పారదర్శకపు పొర, కింద ఒత్తి చేసిన చెక్కపొడి బోర్డు. పైపొర బలమైనదే, అతుకుల దగ్గరే ప్రాణం ఉంది. అక్కడ నీళ్ళు దిగితే బోర్డు ఉబ్బుతుంది, ఆరినా మళ్ళీ అణగదు. కాబట్టి స్టీమ్ మాప్ వద్దు, బకెట్ కుమ్మరించడం వద్దు, వ్యాక్స్ వద్దు, ఇసుక కాగితం పెడితే ఫొటోనే పోతుంది. గట్టిగా పిండిన మైక్రోఫైబర్, తుడిచాక నేల నిమిషం రెండు నిమిషాల్లో ఆరిపోవాలి, ఆరలేదంటే గుడ్డ ఎక్కువ తడిగా ఉన్నట్టు. కుర్చీ కాళ్ళకి ఫెల్ట్ ముక్కలు అతికించాను. వాటికి కూడా ఇసుక పట్టుకుంటుంది, అప్పుడప్పుడు మార్చాలి.

వినైల్ గదిలో తలుపు దగ్గరి మ్యాట్ ఎత్తితే చతురస్రంగా పసుపు మచ్చ. అది మురికి కాదు. రబ్బరు అడుగున్న మ్యాట్‌లోని రసాయనాలు వినైల్‌లోకి దిగి రంగు మార్చేస్తాయి, ఆ మచ్చ ఇక పోదు. మ్యాట్ మార్చి, అడుగు గుడ్డతో చేసింది తెచ్చి అక్కడే వేశాను, మచ్చ కనపడదు. లినోలియం, వినైల్ ఒకటే అనుకుంటారు చాలామంది. లినోలియం అవిసె నూనెతో చేసేది, ఫ్రెడరిక్ వాల్టన్ 1860ల్లో ఇంగ్లండులో తయారుచేశాడు. దానికి ఘాటైన సోడా క్షారం పడదు, పెళుసెక్కి పగుళ్ళు వస్తాయి. మీ ఇంట్లో ఉన్నది ఏదో చూసుకుని మందు ఎంచుకోండి.

శనివారం, ఆదివారం. చెక్క మెట్లు

మెట్టు మెట్టుకీ ఒక నీటి చుక్క వేసుకుంటూ ఎక్కాను. చుక్క గుండ్రంగా నిలిస్తే పైన పూత బాగున్నట్టు, ఇంకి కింద చెక్క నల్లబడితే పూత అరిగిపోయినట్టు. అంచుల దగ్గర మటుకు అన్నీ ఇంకాయి. మరకల్లో కూడా రెండు రకాలు: తెల్లటి మచ్చ అయితే తడి పూతలోనే ఇరుక్కుంది, పైన పొడి నూలుగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె తక్కువ వేడిలో, ఆవిరి లేకుండా కొన్ని క్షణాలు ఆనించి తీస్తుంటే ఒకటి పూర్తిగా పోయింది, ఇంకోటి లేతబడింది. నల్లటిది అయితే తడి చెక్కలోకే దిగింది, చెక్కలోని టానిన్ ఇనుముతో కలిసి నలుపెక్కింది. దానికి పూత తీసేసి ఆక్సాలిక్ ద్రావణం పూయాలి. మేకు తల దగ్గర ఒక్కటే ఉంది, వదిలేశాను.

పూర్తిగా గీకాల్సినంత పాడవలేదు కాబట్టి 220 నంబరు ఇసుక కాగితంతో చెక్క పోగు వెంట తేలిగ్గా గరుకు చేసి, దుమ్ము వ్యాక్యూమ్‌తోనూ తడిపి పిండిన గుడ్డతోనూ పూర్తిగా తీసి, నీటి ఆధారిత పాలియురెథేన్ (పారదర్శకపు వార్నిష్) రెండు పూతలు. రోజూ వాడే మెట్లు కదా, ఒకటి విడిచి ఒకటి వేసి, ఆరాక మిగతావి వేస్తే ఇంట్లోవాళ్ళ రాకపోకలు ఆగలేదు, అమ్మ మాత్రం పిల్లిలా దూకాలా అని గొణిగింది. చేతికి ఆరినట్టున్నా లోపల పూర్తిగా గట్టిపడటానికి రోజులు పడుతుంది, అందాకా కార్పెట్ పరచకూడదు. మీరు అవిసె నూనె లాంటి ఆయిల్ ఫినిష్ వాడితే ఆ గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయొద్దు, ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకుంటాయి. విడివిడిగా బయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళలో ముంచి మూతున్న ఇనుప డబ్బాలో పెట్టండి.

సోమవారం. బాత్రూములు

నేల మీది బూడిద పొర రెండు రకాల కలయిక: కాల్షియం ఎక్కువున్న గట్టి నీళ్ళ లవణాలు, ఆ లవణాలు సబ్బుతో కలిసి చేసే ముద్ద. ఇక్కడ మాత్రం తేలికపాటి యాసిడే మందు. లీటరు నీళ్ళకి రెండు చెంచాల సిట్రిక్ యాసిడ్. ముందుగా గ్రౌట్‌ని వట్టి నీళ్ళతో బాగా తడిపేశాను, అప్పటికే నీళ్ళు తాగేసిన గ్రౌట్ యాసిడ్‌ని ఎక్కువ పీల్చదు. ఐదు నిమిషాలు, బ్రష్, పుష్కలంగా నీళ్ళు.

ఒకే రోజు యాసిడూ బ్లీచూ రెండూ ఒకే నేల మీద వద్దు. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది, బ్లీచింగ్ పౌడరు నీళ్ళు దానికి తగిలితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపేసిన చిన్న బాత్రూములో అది ప్రాణాల మీదికి తెస్తుంది. బ్లీచ్‌లో అమోనియా ఉన్న క్లీనర్ కలిపినా అంతే ప్రమాదం. రెండు కలిపితే రెండింతలు శుభ్రం అనే నమ్మకం ఎక్కడ పుట్టిందో గానీ బలంగా ఉంది. పాత ఘాటు సీసా ఇంట్లోంచి పంపించేశాం. దాని ఆవిరికే కాబోలు కుళాయిల స్టీలు కూడా మచ్చలు పడి ఉంది.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి

గుమ్మం బయట ఒక గరుకు మ్యాట్, లోపల ఒక మెత్తటిది. రోజూ పొడిగా ఊడ్చడం, మాప్ కంటే చీపురుకే ఎక్కువ గౌరవం. తడి తుడుపుకి రెండు బకెట్లు, ఒకటి జాడించడానికి, ఒకటి శుభ్రమైనది, నీళ్ళు రంగు మారగానే పారబోయడం. మార్బుల్, మొజాయిక్‌లకి న్యూట్రల్ క్లీనర్, అదీ వారానికోసారి, మిగతా రోజులు వట్టి నీళ్ళు. టైల్స్‌కి కూడా మూత నిండా కాదు, అరమూత. మాప్ తలని తలకిందులుగా ఎండలో ఆరేయాలి, బకెట్లో వదిలేస్తే మర్నాడు ఆ వాసనే ఇల్లంతా పూస్తాం. మెట్ల మీద చేసినట్టే గ్రౌట్ మీద కూడా నీటి చుక్క వేసి చూస్తున్నాను, వంటింట్లో సీలర్ వేసిన చోట చుక్క నిలుస్తోంది, సింకు ముందు రెండు వరసలు మాత్రం అప్పుడే పీల్చేస్తున్నాయి, బహుశా అవి పూర్తిగా ఆరకముందే సీలర్ పడి ఉంటుంది. ఈసారి ఆ రెండు వరసలకి ఫ్యాను పెట్టి రెండు రోజులు ఆరనిచ్చి మళ్ళీ వేస్తాను. కిందికి దిగిపోయిన గ్రౌట్ గీతలు గీకి ఎపాక్సీ (సిమెంటులా నీళ్ళు పీల్చని రెసిన్ గ్రౌట్) నింపడం ఆ తర్వాతి పని, దానికి కావలసిన గీకుడు పనిముట్టు తెచ్చి పెట్టాను, పెట్టె ఇంకా విప్పలేదు.